నోట్‌బుక్ ఖాళీ, నోరు మాత్రం ఆగట్లేదు

బడులు తెరిచి నెల దాటింది. ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలు మంచం మీద పరిచి, ఫోన్‌లో మెసేజ్‌లు పక్కన పెట్టుకుని చూస్తే మూడొంతులు చిన్న తరగతుల గురించే. నాకు సంతోషమే. టీచర్‌గా ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతులతోనే గడిపాను, ప్రమోషన్ వచ్చాక కూడా ఒకటో తరగతి నా దగ్గరే పెట్టుకున్నాను. పదో తరగతి మార్కుల గురించి అడిగినవాళ్ళు ఈసారికి క్షమించాలి, అది నా పని కాదు.

ప్రశ్న: బడిబాటలో టీచర్లు ఇంటికొచ్చి అడిగితే మా పాపను ఊళ్ళో ప్రభుత్వ బడిలోనే ఒకటో తరగతిలో చేర్పించాం. నెలైంది, నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం లేదు. ఏం చేశావే అంటే ‘ఆడుకున్నాం, పాట పాడాం, ఆకులు ఏరాం’ అంటుంది. పక్కింటి బాబు ప్రైవేటులో అదే క్లాసు, ఏ బీ సీ డీలు, వంద దాకా అంకెలు రాసేస్తున్నాడు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. తప్పు చేశామా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

తప్పేం చేయలేదమ్మా, ముందు పడుకోండి.

రేపు పాప ఇంటికి రాగానే ‘ఏం చేశావు’ అని కాకుండా ‘ఏ ఆకులు ఏరారు? ఏరాక వాటినేం చేశారు?’ అని అడిగి చూడండి. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప పెట్టించి ఉంటారు. తర్వాత నున్నగా ఉన్నవి ఇటు, గరుకువి అటు. వేపరెమ్మకు ఎన్ని చిట్టి ఆకులున్నాయో లెక్కపెట్టించి ఉంటారు, పక్కపిల్ల రెమ్మకు ఎక్కువున్నాయా తక్కువున్నాయా అని అడిగి ఉంటారు. అదంతా లెక్కలేనమ్మా. పోల్చడం, వేరు చేయడం, వరసలో పెట్టడం రాని పిల్లలకు అంకెలు రాయడమంటే బొమ్మ గీసినట్టే.

నా దగ్గరికి ఒకసారి ఇంట్లోనే వంద దాకా నేర్చుకుని ఒక బాబు వచ్చాడు. ముత్యాల్లాంటి అంకెలు, వాళ్ళ నాన్నకు భలే గర్వం. డబ్బాలో చింతగింజలు ముందు పెట్టి, ‘ఏడు ఇవ్వు నాన్నా’ అన్నాను. గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. లెక్కపెడితే పదకొండు. ‘ఏడే కావాలి’ అంటే వాటిని డబ్బాలో పోసేసి ఇంకో గుప్పెడు తీశాడు. పలక ఇస్తే మాత్రం 7 అని ఎంత చక్కగా రాశాడో! వాడికి అష్టాచెమ్మా నేర్పాను. నాలుగు గవ్వలేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడాలి, అన్ని గళ్ళు కాయ జరపాలి, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట అని ఎనిమిది. రెండు వారాల్లో ఏడంటే ఏడే ఇచ్చాడు, పైగా నేను ఒక గడి ఎక్కువ జరిపితే చెయ్యి పట్టుకునేవాడు.

పైగా ఇది మీ టీచర్ సొంతంగా పెట్టుకున్న పద్ధతి కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. ఆ మరుసటి ఏడాది, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ‘విద్యా ప్రవేశ్’ పేరుతో ఒకటో తరగతి మొదట్లో 12 వారాలు ఆటపాటలతోనే నడిపే కార్యక్రమం తయారు చేసింది. ఒకరు అంగన్‌వాడీ నుంచి వస్తారు, ఒకరు ఎల్‌కేజీ, యూకేజీ చదివి వస్తారు, ఒకరు అమ్మ కొంగు వదిలి తిన్నగా వస్తారు, అందరినీ ఒక దగ్గరికి తేవాలంటే ఆ మాత్రం టైమ్ పడుతుంది. జూన్ రెండో వారం నుంచి లెక్కేసుకుంటే సెప్టెంబర్ మొదటి వారం దాకా అన్నమాట.

ఇక వేళ్ళ సంగతి. ఆరేళ్ళ పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. పెన్సిల్ పట్టి పేజీలు నింపమంటే చెయ్యి నొప్పి పుడుతుంది, నొప్పి పుడితే రాయడమంటేనే విసుగు. మీరు ఇంట్లో ఏదైనా చేయాలనుకుంటే శనగలు ఏరించండి, గోరుచిక్కుళ్ళు తుంచమనండి, చపాతీ పిండి ముద్ద ఇచ్చి పాము చేయమనండి. అన్నిటికన్నా ముగ్గు. వాకిట్లో అయిదు చుక్కలు పెట్టి కలపమనండి, మొదటి రోజు గీత కాలవలాగా పోతుంది, దసరాకల్లా పాప బలపం పట్టే తీరు మీకే తెలుస్తుంది.

అయితే ఆట పేరు చెప్పి పిల్లల్ని వదిలేసే చోట్లు లేవని నేననను. తేడా కనుక్కోవడానికి నా దగ్గర ఒకే ఉపాయం ఉంది. ఒకరోజు బడికి వెళ్ళి టీచర్‌ని ‘మా పాపలో మీరు గమనించింది ఒక్కటి చెప్పండి’ అని అడగండి. ‘పాటకు ముందు నిలబడుతుంది గానీ వరసలో వెనక్కి పోతుంది’ అనో, ‘పక్కపిల్లకు అన్నం కలిపి పెడుతుంది’ అనో ఠక్కున చెప్పారంటే ఆ నెల వృథా కాలేదు. ‘బాగానే ఉందమ్మా, అల్లరి చేయదు’ అన్నారంటే మాత్రం నెలకోసారి వెళ్ళి వస్తుండండి.

ప్రశ్న: మా వాడు రెండో తరగతికి వచ్చాడు. అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మధ్యలో ‘డ’ చూపించి ఇదేంట్రా అంటే మళ్ళీ అ దగ్గర మొదలుపెట్టి వేలు జరుపుకుంటూ అక్కడికి వస్తాడు. పుస్తకంలో ఒక్క మాట చదవలేడు. ఏదైనా లోపమా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

లోపం కాదమ్మా. మీ వాడికి అక్షరమాల పాటగా వచ్చింది, పాటలో మధ్య మాట అడిగితే మనమైనా మొదటి నుంచి పాడుకోవాల్సిందే. కావాలంటే జాతీయగీతంలో ‘వింధ్య’ తర్వాత ఏమొస్తుందో చెప్పండి చూద్దాం, పాడకుండా.

అ ఆ ఇ ఈ వరస గొప్పదే. గొంతులో పుట్టేవి ఒకచోట, పెదవుల మీద పుట్టేవి ఒకచోట అని ఎంతో ఆలోచించి పేర్చిన వరస. కానీ అది పేర్చింది వ్యాకరణం తెలిసినవాళ్ళు. అయిదేళ్ళవాడికి మొదటి నెలలోనే ‘ఋ’ అంటే ఋషి అని నేర్పుతాం, పాపం వాడు ఋషిని ఎక్కడ చూశాడు? ‘ఙ’, ‘ఞ’ల సంగతి చెప్పక్కర్లేదు, నేను రిటైరయ్యేదాకా వాటితో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటీ నా కంటపడలేదు.

నేను చేసింది చెబుతాను, ఖర్చు లేదు. ఇంట్లో పాత శుభలేఖలుంటాయి కదా, అట్ట మందంగా ఉన్నవి చూసి నాలుగు ముక్కలు కత్తిరించండి. వాటి మీద పెద్దగా త, ల, క, డ రాయండి. ఈ నాలుగిటితోనే తల, కల, లత, తడక వస్తాయి. ‘ఇదేం అక్షరం’ అని అడగొద్దు. ‘తల పెట్టు’ అనండి, వాడు ముక్కలు వెతికి పక్కపక్కన పెట్టాలి. నాలుగు రోజులయ్యాక ‘ప’ కలపండి. పలక, పడక, కలప, కడప. మా బడిలో కడప రాగానే గోలగోలగా ఉండేది, మా జిల్లా పేరు కదా, సాయంత్రం రోడ్డు మీద నిలబడి వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదివేవాళ్ళు. ఇంకో వారం ఆగి ‘వ’ ఇవ్వండి. వల, వడ, పడవ, కడవ. ఆరక్షరాలకు పన్నెండు మాటలొచ్చాయి చూశారా. కడప మీకు దూరమేమో గానీ పడవ దగ్గరే, ఒక ఆదివారం ‘ప’, ‘డ’, ‘వ’ ముక్కలు జేబులో వేసుకుని గోదావరి గట్టుకు తీసుకెళ్ళండి.

‘ప’, ‘వ’ ఒకే రోజు మాత్రం ఇవ్వొద్దు. రెండూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళు, ఒకటి గట్టిగా పట్టుబడ్డాకే రెండోది. ‘వ’, ‘మ’ కూడా అంతే.

ఇవి వచ్చాక గుణింతం. గుణింతాలన్నీ ఒకేసారి దిద్దించకుండా దీర్ఘం ఒక్కటే చెప్పండి. వాడికి వచ్చిన అక్షరాలతోనే తాత, పాప, పాత, వాడ, కాలవ వచ్చేస్తాయి. ‘తాత’ అని తనంతట తాను చదివిన రోజు వాడి మొహం చూడాలి మీరు. వాళ్ళ తాతయ్య ఉంటే ఆయన మొహం కూడా.

ఇంత చేసినా రెండు నెలల్లో కదలిక లేకపోతే, లేదా పుస్తకం మరీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంటే కళ్ళ డాక్టరుకు చూపించండి. నా సర్వీసులో ‘మొద్దు’ అని పేరు పడిన పిల్లలిద్దరికి కళ్ళజోడు పెట్టాక ఆ పేరు పోయింది.

ప్రశ్న: మొన్నటి డీఎస్సీలో ఎస్‌జీటీగా (చిన్న తరగతుల టీచర్‌గా) వచ్చాను. పాడేరు ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల, అయిదు తరగతులు కలిపి 19 మంది. ఒకటో తరగతి నలుగురూ ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు, నా తెలుగు వాళ్ళకు సగం కూడా అర్థం కాదు. అయిదో తరగతికి చెబుతుంటే వీళ్ళు లేచి బయటికి పోతారు. యాప్‌లలో ఎంట్రీలకే గంట పోతుంది. ఏడాది మొదట్లోనే చేతులెత్తేసేలా ఉన్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక కొత్త టీచర్, అల్లూరి సీతారామరాజు జిల్లా

నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మొదటి పోస్టింగ్ కూడా ఏకోపాధ్యాయ బడే, మొదటి వారం రోజూ సాయంత్రం ఏడ్చాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ముందు నీ బుర్రలోంచి ఈ అయిదు తరగతులు తీసెయ్. నీకున్నది 19 మంది పిల్లలు, మూడు చాపలు. రెండు రోజులు పాఠం పక్కనపెట్టి ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని కబుర్లాడుతూ నాలుగు మాటలు, ఒక చిన్న పేరా చదివించు. పరీక్ష అనకు, ఆ మాట వింటే వచ్చింది కూడా మర్చిపోతారు. పేరా చదివేవాళ్ళు ఒక చాప, మాటల దాకా వచ్చినవాళ్ళు ఒక చాప, ఇంకా అక్షరం పట్టుబడనివాళ్ళు ఒక చాప. నాలుగో తరగతివాడు మూడో చాప మీదికి రావచ్చు, రెండో తరగతి పిల్ల మొదటి చాప ఎక్కొచ్చు. భాష, లెక్కలు చెప్పేటప్పుడు ఈ చాపలు, మిగతాప్పుడు వాళ్ళ తరగతులు వాళ్ళవే. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమంలో పెట్టుకున్న గడువు 2026–27, అంటే నిన్ను అడగబోయేది కూడా ఇదే, సిలబస్ ఎన్ని పేజీలైందని కాదు.

ఏ వేళలోనైనా ఒక చాప నీతో ఉండాలి, ఒకటి పెద్ద పిల్లల సాయంతో, ఒకటి సొంతంగా. అరగంటకోసారి మార్చు. సొంతంగా పనిచేసే చాపకు ఏమివ్వాలన్నదే అసలు తిప్పలు. దీనికి మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు ఎప్పుడో దారి చూపించారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ కార్డుతో ఏం చేయాలో దాని మీద బొమ్మ గుర్తు వేసి, గోడకు నిచ్చెనలాంటి చార్టు పెట్టారు. పిల్లవాడు పొద్దున్నే వచ్చి నిచ్చెన మీద తన మెట్టు చూసుకుని, కార్డు తీసుకుని చాప మీద కూర్చుంటాడు. టీచర్ చుట్టూ తిరుగుతుంటారు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కార్డుల చదువు అక్కడి నుంచి వెళ్ళినవే. మన దగ్గర స్నేహబాల కార్డులని వచ్చాయి, నీ బడి బీరువా అడుగున ఇంకా ఉన్నాయేమో చూడు, చెదలు దులిపి వాడుకో. లేకపోతే ఇరవై కార్డులు నువ్వే రాసుకో, వందక్కర్లేదు.

నన్ను 90ల్లో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) ట్రైనింగ్‌కు పంపారు. బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాజెక్టు. కత్తెరలు, జిగురు, రంగు కాగితాలు ఇచ్చి ఆరు సూత్రాలు చెప్పారు. ‘నలభై మంది పిల్లల్ని పెట్టుకుని ఈ కత్తిరింపులేంట్రా దేవుడా’ అని టీ టైమ్‌లో అందరం నవ్వుకున్నాం. ఆ ఆరింట్లో రెండే నాతో చివరిదాకా వచ్చాయి. చుట్టూ ఉన్నవాటితోనే పాఠం చెప్పడం ఒకటి, పిల్లలు చేసినవి గోడ మీద పెట్టడం రెండోది. మీ ఊరి చుట్టూ కాఫీ తోటలు, మిరియాల తీగలు, అడ్డాకులు, గడ్డి పువ్వులు ఉంటాయి, నువ్వు బజారులో కొనాల్సిన టీఎల్‌ఎం, అదే బోధన సామగ్రి, ఏముంది? పదేసి పుల్లలు కట్టలు కట్టిస్తే పదులు, ఒకట్లు తేలిపోతాయి. మన తెలుగులో ఇంకో సుఖం ఉంది, మూడు కట్టలు నాలుగు పుల్లలంటే ‘ముప్పై నాలుగు’, నోటితో అన్న వరసలోనే రాస్తాం. గోడ మీద పెట్టేవి మాత్రం మూడడుగుల ఎత్తులో దారం కట్టి వేలాడదియ్. మనం చాలామందిమి చార్టులు తనిఖీకి వచ్చేవాళ్ళ కళ్ళకు అందేలా పెడతాం, పిల్లలు ఏడాదంతా వాటి కింద గోడ సున్నం చూస్తూ కూర్చుంటారు.

కువి పిల్లల సంగతి. ఈ నలుగురికీ నువ్వు టీచర్‌వి కాకముందు శిష్యుడివి అవ్వాలి. నీళ్ళు, అన్నం, అమ్మ, నొప్పి, ఒంటేలు, రెంటేలు – ఈ ఆరు మాటలు మొదటి రోజే వాళ్ళ భాషలో నేర్చుకో. కడుపునొప్పి వచ్చిన పిల్ల చెప్పుకోలేక బయటికి పోయి కూర్చుంటే మనం ‘క్లాసులో నిలవదు’ అని రాసుకుంటాం. తర్వాత రోజుకు రెండు మాటలు వాళ్ళనే అడుగు, తెలుగు లిపిలోనే బోర్డు మీద రాయి, నువ్వు తప్పు పలికితే వాళ్ళు పడీపడీ నవ్వుతారు, నవ్వనీ. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు, వాచకాలు రాశారు, వందేళ్ళ కిందటి మాట ఇది. ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని గిరిజన భాషల్లో వాచకాలు కూడా వచ్చాయి, కువి వాచకం ఎక్కడైనా దొరుకుతుందేమో స్కూల్ కాంప్లెక్స్‌లో అడుగు. ఊళ్ళో పాట వచ్చిన అవ్వ ఎవరో ఉంటారు, వారానికో గంట బడికి పిలువు.

పేర్లు పట్టుబడాలంటే వీరీ వీరీ గుమ్మడిపండు ఆడించు. కళ్ళు మూసినవాడు తలమీద తట్టింది ఎవరో చెప్పాలి కదా, నువ్వు కూడా కళ్ళు మూయించుకో. మూడు రోజుల్లో 19 పేర్లూ వస్తాయి.

ఇక అసలు ముచ్చట, మధ్యాహ్న భోజనం. ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్క. పొద్దున్నే హాజరు నువ్వు వేయకు. ఒకటో తరగతివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఒక్కో గులకరాయి కుండలో వేస్తారు. రెండు, మూడు తరగతులవాళ్ళు ఆ రాళ్ళు లెక్కపెట్టి, 19లోంచి తీసేసి, రానివాళ్ళెందరో చెప్పాలి. నాలుగు, అయిదు తరగతులవాళ్ళు బోర్డు మీద బియ్యం, పప్పు లెక్కేస్తారు. అందరూ వస్తే కిలో 900 గ్రాముల బియ్యం, 380 గ్రాముల పప్పు, ఇద్దరు రాకపోతే కిలో 700, 340. వంటమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పి రావడం కూడా వాళ్ళ పనే, ఆమె ‘సరిగ్గా లెక్కేశారా, మళ్ళీ చెప్పండి’ అంటే ఇంకోసారి వేస్తారు. ఆ పావుగంటలో నువ్వు యాప్ పని చూసుకో, సిగ్నల్ ఉంటే.

బయటికి పోతున్నారు అన్నావు. వానలేని రోజున నువ్వే అందర్నీ తీసుకుని బయటికి పో, చెట్టు కింద కూర్చుంటే ఎక్కడికి పోతారు?

ఇంకో మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలి. బడి కమిటీ తీర్మానం చేయించి రెండో టీచర్ కోసం అర్జీ పెట్టు, నకలు దాచుకో. టీచర్ వస్తారో రారో గానీ అడగకుండా మాత్రం ఉండకు.

ప్రశ్న: మా అబ్బాయి ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి. రోజూ మూడు సబ్జెక్టులు హోంవర్క్. రాత్రి తొమ్మిదింటికి నిద్రలో తూగుతూ రాస్తాడు. స్కూల్లో అడిగితే ‘పేరెంట్సే అడుగుతున్నారు సార్’ అంటారు.
– ఒక తండ్రి, విజయవాడ

వాళ్ళు చెప్పింది సగం నిజం, అదే బాధ. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని ఉంది. మూడు నుంచి అయిదు తరగతులకు వారం మొత్తానికి రెండు గంటలు మించకూడదు. ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలి. మీ వాడి సంచి తీసుకెళ్ళి కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి పెట్టండి, ఫొటో తీయండి. ఒక్కరే వెళ్తే ‘మీ వాడు స్లో సార్’ అంటారు, నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళండి. ఈలోగా తొమ్మిదింటికి పుస్తకం మూసేయండి, ‘నిద్రొచ్చింది, రాయలేదు’ అని డైరీలో మీరే రాసి సంతకం పెట్టండి. వాడి బదులు మీరు రాయడం మాత్రం వద్దు, ఆ చేతిరాత మేం ఇట్టే పట్టేస్తాం.

హోంవర్క్ ఉండే తీరాలి అనుకుంటే నేనిచ్చే రకం ఇది. ‘మీ నానమ్మనడిగి ఒక పొడుపుకథ తీసుకురా’. మర్నాడు ఒకడు లేచి ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అంటాడు, క్లాసంతా ఆలోచిస్తూ టకటకా కళ్ళార్పుతుంది, జవాబు అదేనని తెలీక.

ప్రశ్న: మా మనవరాలు ఎడమ చేత్తో రాస్తోంది. మా ఆవిడ రోజూ బలపం కుడిచేతిలోకి మారుస్తోంది. పాప ఈ మధ్య పలకే ముట్టడం లేదు. పైగా కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తోంది.
– ఒక తాతయ్య, తెనాలి

అయ్యా, అమ్మగారికి నా నమస్కారం చెప్పి, బలపం జోలికి వెళ్ళొద్దని బతిమాలండి. అన్నం ఏ చేత్తో తినాలన్నది మీ ఇంటి సంగతి, నేను నోరెత్తను. రాయడం మాత్రం పాప ఇష్టం. కాగితం కాస్త కుడివైపుకు వాలుగా పెట్టిస్తే మణికట్టు వంకర తిప్పుకోకుండా రాస్తుంది. బడిలో బెంచీకి ఎడమ కొసన కూర్చోబెట్టమని టీచర్‌కు చెప్పండి, లేకపోతే పక్కపిల్ల మోచెయ్యి, ఈమె మోచెయ్యి రోజంతా కొట్టుకుంటాయి. తిరగేసి రాయడం ఈ వయసులో కుడిచేతి పిల్లలు కూడా చేస్తారు, ఏడేళ్ళు నిండేసరికి చాలామందికి పోతుంది. తిట్టకుండా, పక్కన సరిగ్గా రాసి చూపించండి చాలు.

ప్రశ్న: టీచర్ గారికి నమస్తే. నేను నాలుగో తరగతి. మా క్లాసులో ఎప్పుడూ ఒక్కడే లీడర్. ఎందుకంటే వాడు ఎత్తుగా ఉంటాడు. గంట కూడా వాడే కొడతాడు. నాకెప్పుడిస్తారు?
– నాలుగో తరగతి, సిద్దిపేట జిల్లా

చిన్నోడా, కార్డు మీద అడ్రసు కూడా నువ్వే రాశావా? చక్కగా ఉంది.

మా బడిలో గోడకు అగ్గిపెట్టెలు వరసగా అతికించి ఉండేవి. గంట, నీళ్ళ కుండ, బోర్డు తుడవడం, మొక్కలకు నీళ్ళు, చెప్పుల వరస అని ఒక్కో పెట్టె మీద ఒక్కో పని. మా పేర్ల చీటీలు సోమవారం సోమవారం ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారేవి, నా పేరుతో సహా. నాకు చెప్పుల వరస పడ్డ వారం పిల్లలు కావాలనే చెప్పులు చిందరవందరగా విడిచేవాళ్ళు. ఇది మీ టీచర్‌కు చదివి వినిపించు, అగ్గిపెట్టెలు నువ్వే తెస్తానని చెప్పు.

నీ వంతు వస్తుంది. గంట అందకపోతే స్టూలు వేసుకో, ఎవరినైనా పట్టుకోమను. ఇంటి గంట కొట్టే ముందు మాత్రం సంచి సర్దుకుని భుజానికి తగిలించుకుని ఉండు. లేదంటే నువ్వు స్టూలు దిగేసరికి బడి మొత్తం గేటు దాటిపోయి ఉంటుంది.